కోనసీమ నుంచి కువైట్ దాకా: లియో శాటిలైట్ల గుండా ప్యాకెట్ దారిని మీరే లెక్కగట్టే పద్ధతి

గోదావరి డెల్టాలో గాలివాన ముదిరితే ముందు కరెంటు పోతుంది. కొన్ని గంటలకు సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతాయి. చెట్టు కూలో, వంతెన పక్కన కేబుల్ తెగో ఫైబర్ కూడా ఆగిపోతుంది. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుఫాను వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాతి రోజుల్లో లోపలి ఊళ్ళ నుంచి కబురు రావడమే కష్టమైంది. లంక గ్రామాలకైతే వరద వచ్చిన ప్రతిసారీ ఇదే టెన్షన్. ఇలాంటి చోట నేల మీది తీగలతో పని లేని ఇంకో దారి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే మేడ మీద శాటిలైట్ ఇంటర్నెట్ డిష్ పెట్టినంత మాత్రాన దారి ఏర్పడినట్టు కాదు. మీ ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటా ముక్క) ఏ శాటిలైట్ ఎక్కుతుంది, ఎక్కడ దిగుతుంది, వాన పడితే ఎన్ని శాటిలైట్లు మిగులుతాయి, చట్టం ఏ దారిని ఒప్పుకుంటుంది అనేవి ముందే తెలిసి ఉండాలి. వీటన్నిటినీ ఇంట్లో కూర్చుని లెక్కగట్టొచ్చు. కావలసింది ఒక ల్యాప్‌టాప్, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్, ఇంటర్మీడియట్ స్థాయి త్రికోణమితి. డిష్ కొనక్కర్లేదు. నెట్‌వర్కింగ్ చదివే విద్యార్థులకూ, చెరువుల మీద సెన్సర్లు పెట్టే ఆక్వా రైతులకూ, మండల స్థాయిలో కంట్రోల్ రూము నడిపేవాళ్ళకూ పనికొచ్చేలా ఒక్కో మెట్టూ చెబుతాను.

మొదటి మెట్టు: కాగితం మీద లెక్క

కోడ్ జోలికి వెళ్ళేముందు కొన్ని అంకెలు చేత్తో వేసుకోండి. రేపు ప్రోగ్రామ్ తప్పు చెబితే పట్టుకోవడానికి ఇవే ఆధారం.

లియో అంటే భూమికి దగ్గరి కక్ష్య. స్పేస్‌ఎక్స్ వాళ్ళ శాటిలైట్ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ మొదటి అంచెను (ఒకే ఎత్తున తిరిగే శాటిలైట్ల గుంపును) ఉదాహరణగా తీసుకుందాం: ఎత్తు 550 కిలోమీటర్లు, భూమధ్యరేఖతో వాలు 53 డిగ్రీలు, 72 కక్ష్యలు, ఒక్కో కక్ష్యలో 22 చొప్పున మొత్తం 1,584 శాటిలైట్లు. ఒక్కోటి సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో, దాదాపు 95 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. పాత టీవీ శాటిలైట్లు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కడికి సిగ్నల్ ఎక్కి దిగడానికే 239 మిల్లీసెకన్లు పడుతుంది. జవాబు కూడా అదే దారిలో రావాలి గనక మొత్తం 480 దగ్గరికి చేరుతుంది. అదే 550 కిలోమీటర్ల ఎత్తున, నడినెత్తిన ఉన్న శాటిలైట్‌కు ఒకవైపు ప్రయాణం 1.8 మిల్లీసెకన్లే.

ఇప్పుడు అమలాపురంలో ఒక డిష్ ఉందనుకోండి. క్షితిజం నుంచి 25 డిగ్రీల పైన ఉన్న శాటిలైట్లనే అది వాడుకుంటుంది. ఎంత దూరంలోని శాటిలైట్ దానికి అందుతుంది? భూమి వ్యాసార్థం 6,371ని 25 డిగ్రీల కొసైన్‌తో గుణించి, 6,921తో భాగించండి. వచ్చినదానికి విలోమ కొసైన్ తీసి, అందులోంచి 25 తీసేయండి. 8.46 డిగ్రీలు వస్తుంది. నేల మీద అది 941 కిలోమీటర్లు. అంటే శాటిలైట్ సరిగ్గా ఏ చోటికి పైన ఉందో, ఆ చోటు అమలాపురానికి 941 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఆ అంచున ఉన్న శాటిలైట్‌కు ఏటవాలు దూరం 1,123 కిలోమీటర్లు. నేరుగా నెత్తి మీదుగా వెళ్ళే శాటిలైట్ కూడా సుమారు నాలుగున్నర నిమిషాలే అందుతుంది.

ఆ వలయంలో ఒక్క క్షణాన ఎన్ని ఉంటాయి? ఇక్కడ మన అక్షాంశం ముఖ్యం. 53 డిగ్రీల వాలున్న కక్ష్యల్లో శాటిలైట్లు 50 డిగ్రీల అక్షాంశం దగ్గర గుమిగూడతాయి, భూమధ్యరేఖ వైపు పలచబడతాయి. పదహారున్నర డిగ్రీల దగ్గరున్న మన డెల్టాతో పోలిస్తే 50 డిగ్రీల దగ్గర సాంద్రత మూడు రెట్లకు పైనే. లెక్క వేస్తే ఈ ఒక్క అంచెలో అమలాపురానికి సగటున 7 శాటిలైట్లు అందుతాయి. యూరప్ వాళ్ళ అనుభవాలు చదివి ఇక్కడా అలాగే ఉంటుందని అనుకోకూడదనేది ఇందుకే.

రెండో మెట్టు: గేట్‌వే ఎక్కడుందో గుర్తించండి

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే.

శాటిలైట్ల మధ్య లింకులు లేకపోతే ప్యాకెట్ డిష్ నుంచి ఎక్కి, అదే శాటిలైట్ నుంచి గేట్‌వే (శాటిలైట్‌ను నేల మీది ఇంటర్నెట్‌తో కలిపే కేంద్రం) యాంటెన్నాకు దిగాలి. వన్‌వెబ్ అనే మరో లియో సేవ మొదటి తరం పద్ధతి ఇదే. ఆ శాటిలైట్లు 1,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి, వాటి మధ్య లింకులు లేవు. మన శ్రీహరికోట నుంచి 2022 అక్టోబరు 23న, 2023 మార్చి 26న ఎల్‌వీఎం3 రాకెట్లు 36 చొప్పున పైకి పంపింది వీటినే. ఈ పద్ధతిలో ఒకే శాటిలైట్ మీ డిష్‌కూ గేట్‌వేకూ ఒకేసారి కనిపించాలి.

గేట్‌వే ముంబైలో ఉందనుకుని 550 కిలోమీటర్ల అంచెతోనే లెక్క వేయండి. అమలాపురం నుంచి ముంబైకి నేరు దూరం సుమారు 1,005 కిలోమీటర్లు. రెండు చోట్లా 8.46 డిగ్రీల వలయాలు గీస్తే, ఒకదాని మీద ఒకటి పడే భాగం మన వలయంలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. అంటే అందే 7 శాటిలైట్లలో రెండో మూడో మాత్రమే పనికొస్తాయి. అదే గేట్‌వే హైదరాబాద్‌లో ఉందనుకుంటే దూరం 384 కిలోమీటర్లే, పనికొచ్చేవి 5 దాకా ఉంటాయి. శాటిలైట్లలో ఏమీ మారలేదు, నేల మీది ఒక్క చుక్క మారింది, అంతే.

అలాగని గేట్‌వే మరీ దగ్గరగా ఉండటమూ మంచిది కాదు. అది కాకినాడలోనో విశాఖలోనో ఉంటే మనల్ని ముంచే తుఫానే దాన్నీ ముంచుతుంది. పైగా గేట్‌వేలు ఎక్కువగా కేఏ బ్యాండ్ అనే రేడియో తరంగాలు వాడతాయి. డిష్‌లు వాడే కేయూ బ్యాండ్ కంటే దాని మీద వాన దెబ్బ ఎక్కువ. అందుకని బంగాళాఖాతం తుఫాను ఒకేసారి కమ్ముకోలేని రెండు చోట్ల గేట్‌వేలు ఉన్న సేవే డెల్టాకు తగినది. కనెక్షన్ తీసుకునేముందు ఈ ప్రశ్న అడగండి.

మూడో మెట్టు: చట్టాన్ని గ్రాఫ్‌లో పెట్టండి

2025 మేలో టెలికాం శాఖ ఇచ్చిన భద్రతా నిబంధనల ప్రకారం ఇక్కడి వాడుకదారుల ట్రాఫిక్ దేశంలోని గేట్‌వే గుండానే వెళ్ళాలి. శాటిలైట్ నుంచి శాటిలైట్‌కు దూకి నేరుగా విదేశంలో దిగడానికి వీల్లేదు. ప్రోగ్రామ్‌లో నెట్‌వర్క్‌ను గ్రాఫ్‌గా రాస్తాం: డిష్‌లు, శాటిలైట్లు, గేట్‌వేలు చుక్కలు (నోడ్‌లు), లింకులు వాటిని కలిపే గీతలు. అందులో ఈ నిబంధనను రాయడం తేలిక: భారత డిష్ నుంచి మొదలయ్యే దారులకు విదేశీ గేట్‌వే నోడ్‌లను తీసేయండి, అంతే. అలాగే అనుమతి లేని డిష్ ఎక్కడినుంచో తెప్పించి పెట్టుకోవడం నేరం, ఆ పని చేయకండి.

ఈ ఒక్క నిబంధన ఎంత తేడా తెస్తుందో కోనసీమకు బాగా తెలిసిన దారితోనే చూద్దాం. మన ఊళ్ళ నుంచి కువైట్ వెళ్ళి పనిచేసేవాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు. అమలాపురం నుంచి కువైట్ నేరు దూరం సుమారు 3,740 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు శూన్యంలో కంటే దాదాపు మూడో వంతు నెమ్మదిగా నడుస్తుంది గనక, ఊహాత్మకంగా నేరుగా ఫైబర్ వేసినా ఒకవైపు 18 మిల్లీసెకన్లు పడుతుంది. శాటిలైట్ల మధ్య లేజర్ లింకుల మీదుగా, ఎక్కి దిగే దూరం కలుపుకున్నా, సుమారు 17. దాదాపు సమానం. ఇంకా దూరం వెళ్ళేకొద్దీ ఆకాశానిదే పైచేయి: లండన్‌కు ఫైబర్ 39 అయితే శాటిలైట్ దారి 33. కానీ నిబంధన పెట్టగానే ప్యాకెట్ ముందు దేశంలో దిగి, అక్కడి నుంచి సముద్రపు కేబుల్ ఎక్కాలి. కాబట్టి మనకు లియో వల్ల ఒరిగేది విదేశాలకు వేగం కాదు, తీగలు తెగిన రోజున దేశంలోని నెట్‌వర్క్‌తో తెగని బంధం. దేని కోసం లెక్క వేస్తున్నామో ఇక్కడే తేల్చుకోవాలి.

నాలుగో మెట్టు: శాటిలైట్లను ల్యాప్‌టాప్‌లోకి తేవడం

ఇందుకు రెండు మార్గాలున్నాయి. మొదట ఆదర్శ నమూనాతో మొదలుపెట్టండి, అసలు డేటా తర్వాత తెచ్చుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, గజిబిజి డేటాలో చిక్కుకుని మధ్యలో వదిలేస్తారు.

ఆదర్శ నమూనాలో 72 కక్ష్యలు 5 డిగ్రీల ఎడంతో, ఒక్కో కక్ష్యలో 22 శాటిలైట్లు సమాన దూరంలో ఉంటాయి. ప్రతి శాటిలైట్‌కూ రెండు అంకెల పేరు పెట్టండి: కక్ష్య సంఖ్య, అందులో స్థానం. పక్కపక్క కక్ష్యల మధ్య స్థానాన్ని కొంచెం జరపడం మరిచిపోవద్దు. లేకపోతే కక్ష్యలు ఒకదాన్నొకటి దాటేచోట శాటిలైట్లు ప్రమాదకరంగా దగ్గరపడతాయి.

అసలు డేటాకు సెలెస్ట్రాక్ వెబ్‌సైట్ ఉంది. ప్రతి శాటిలైట్‌కూ రెండు వరుసల కక్ష్యా వివరాలు ఉచితంగా దొరుకుతాయి. దించుకున్న ఫైలును దాచుకుని వాడండి. ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ దించుకుంటే వాళ్ళ సర్వర్ మీద భారం. అలాగని వారం నాటి ఫైలునూ నమ్మకూడదు, ఎందుకంటే శాటిలైట్లు తమంతట తాము కక్ష్య సరిచేసుకుంటూ ఉంటాయి. ఈ వివరాలను ఎస్‌జీపీ4 అనే లెక్కతో స్థానాలుగా మార్చాలి. పైథాన్‌లో స్కైఫీల్డ్ లైబ్రరీ ఆ పని చేసిపెడుతుంది. అమలాపురం 16.58 ఉత్తర అక్షాంశం, 82.0 తూర్పు రేఖాంశం అని ఇస్తే, ఏ శాటిలైట్ ఏ దిక్కున, ఎన్ని డిగ్రీల ఎత్తున ఉందో చెబుతుంది. 25 డిగ్రీల పైన ఉన్నవాటిని లెక్కపెట్టండి. ఆదర్శ నమూనాలో సగటు 7 దగ్గరికి రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. ముందుకు వెళ్ళకుండా అదేమిటో పట్టుకోండి.

ఐదో మెట్టు: లింకులు కలపడం

పరిశోధకులు ఎక్కువగా వాడే నమూనాలో ప్రతి శాటిలైట్‌కూ నాలుగు లేజర్ లింకులు: తన కక్ష్యలో ముందున్నదానికి, వెనకున్నదానికి, ఎడమ కక్ష్యలోని పొరుగుకి, కుడి కక్ష్యలోని పొరుగుకి. 66 శాటిలైట్ల ఇరిడియం నెట్‌వర్క్‌లోనూ ఒక్కోదానికి నాలుగే లింకులు, కాకపోతే అవి రేడియో లింకులు. మన నమూనాలో ఒకే కక్ష్యలోని ఇద్దరు పొరుగుల మధ్య దూరం సుమారు 1,970 కిలోమీటర్లు, అది మారదు. పక్క కక్ష్యల మధ్య దూరం మాత్రం మారుతుంది: భూమధ్యరేఖ దగ్గర ఎక్కువ, 53 డిగ్రీల దగ్గర తక్కువ. ఏ లింకూ 5,000 కిలోమీటర్లు దాటకుండా చూడండి. దాటితే వెలుతురు కిరణం దట్టమైన వాతావరణంలోకి దిగిపోతుంది.

ఇప్పుడు నన్ను మొదట్లో బాగా ఆశ్చర్యపరిచిన సంగతి. అమలాపురం ఆకాశంలో ఏ క్షణాన చూసినా రెండు రకాల శాటిలైట్లు ఉంటాయి. కొన్ని నైరుతి నుంచి ఈశాన్యానికి ఎక్కుతుంటాయి, కొన్ని వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగుతుంటాయి. ఎక్కేదీ దిగేదీ ఆకాశంలో పక్కపక్కనే కనిపించొచ్చు, వాటి మధ్య వంద కిలోమీటర్లు కూడా ఉండకపోవచ్చు. కానీ నెట్‌వర్క్‌లో అవి పొరుగులు కావు. వాటి కక్ష్యలు 154 డిగ్రీల ఎడంలో ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి లేజర్ లింకుల మీదుగా వెళ్ళాలంటే ముప్పైకి పైగా హాప్‌లు (ఒకదాని నుంచి పక్కదానికి దూకడాలు) కావాలి, అంటే దాదాపు ప్రపంచాన్ని చుట్టి రావాలి.

అందువల్ల ఏ శాటిలైట్ ఎక్కుతామనేది గమ్యాన్ని బట్టి ఉంటుంది. కువైట్ ఉదాహరణే లెక్క కోసం తీసుకోండి. వాయవ్యం నుంచి దిగుతున్న శాటిలైట్‌ను ఎక్కితే, దాని వెనక వచ్చే పొరుగు ఇంచుమించు కువైట్ దిక్కునే ఉంటుంది, రెండు మూడు హాప్‌లలో పని అయిపోతుంది. ఈశాన్యానికి ఎక్కుతున్న శాటిలైట్‌ను పట్టుకుంటే ప్యాకెట్ కక్ష్యలు దాటుకుంటూ మెట్లు మెట్లుగా పోవాలి. నెత్తి మీద బాగా ఎత్తున ఉన్నదే మంచి శాటిలైట్ అనే సూత్రం ఇక్కడ చెల్లదు. మొదటి శాటిలైట్‌నూ చివరి శాటిలైట్‌నూ జంటగా ఎంచుకోవాలి. వాడుకదారుకు అందే శాటిలైట్లన్నిటినీ, గేట్‌వేకు అందేవన్నిటినీ గ్రాఫ్‌లో ఉంచి, ఎంపికను అల్గారిథమ్‌కే వదిలేయండి.

ఆరో మెట్టు: దారి వెతకడం

దూరాన్ని 299.8తో భాగిస్తే ఒక్కో లింకుకు పట్టే మిల్లీసెకన్లు వస్తాయి. అదే లింకు బరువు. ప్రతి హాప్‌కూ ప్రాసెసింగ్ ఆలస్యం కొంచెం కలపండి. పైథాన్ నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీలో అతి తక్కువ బరువున్న దారిని వెతికే డైక్స్‌ట్రా అల్గారిథమ్ సిద్ధంగా ఉంది, 1959లో అచ్చయిన ఆ పద్ధతి ఇప్పటికీ చాలు. వెయ్యిన్నర నోడ్‌ల గ్రాఫ్‌కు మామూలు ల్యాప్‌టాప్ క్షణాల్లో జవాబిస్తుంది.

ఏడో మెట్టు: కాలాన్ని కలపడం

ఇప్పటిదాకా వచ్చింది ఒక్క క్షణపు ఫొటో. స్టార్‌లింక్ ఏ డిష్‌కు ఏ శాటిలైట్ అన్న కేటాయింపును ప్రతి 15 సెకన్లకూ మార్చగలదని కొలతల్లో తేలింది. ఆ 15 సెకన్లలో శాటిలైట్ 114 కిలోమీటర్లు జరిగిపోతుంది. మీరూ 15 సెకన్లకొక గ్రాఫ్ కట్టండి. గంటకు 240 గ్రాఫ్‌లు.

నేల మీద రౌటర్లు వాడే ఓఎస్‌పీఎఫ్ వంటి ప్రోటోకాల్‌లో లింకు తెగితే ఆ వార్త అందరికీ చాటాలి, అందరూ మళ్ళీ లెక్క వేసుకోవాలి. ప్రతి కొన్ని సెకన్లకూ లింకులు మారే చోట ఆ పద్ధతితో నెట్‌వర్క్ అంతా వార్తలతోనే నిండిపోతుంది. కానీ ఈ మార్పుల్లో చాలావరకు అనుకోనివి కావు. రేపు అంతర్వేది దగ్గర పోటు ఎన్ని గంటలకో పడవవాళ్ళకు ముందే తెలిసినట్టు, ఏ లింకు ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోతుందో మనకూ తెలుసు. కాబట్టి దారుల పట్టికలను ముందే లెక్కగట్టి, సమయం రాసి పెట్టుకుంటే చాలు. లేజర్ పాడవడం లాంటి నిజమైన ప్రమాదాలకు మాత్రం ప్రతి దారికీ ఒక ప్రత్యామ్నాయం దాచి ఉంచండి.

ఇక దారిని ఎంచుకోవడంలో నా గట్టి సలహా: ఇప్పటికి అతి చిన్న దారి కంటే, ఇంకాసేపు నిలిచే దారి మేలు. దారి మారిన ప్రతిసారీ కొన్ని ప్యాకెట్లు పోవచ్చు. కొత్త దారి చిన్నదైతే వెనక పంపినవి ముందు చేరతాయి, డేటా పంపే వేగాన్ని అదుపు చేసే టీసీపీ ప్రోటోకాల్ దాన్ని నష్టంగా అపార్థం చేసుకుని వేగం తగ్గించేస్తుంది. రెండు మిల్లీసెకన్లు మిగుల్చుకోవడానికి ఇంత నష్టం దేనికి? ప్రతి శాటిలైట్‌కూ ఇంకెన్ని సెకన్లు కనిపిస్తుందో లెక్కగట్టి, దారి మారిస్తే జరిమానాగా కొన్ని మిల్లీసెకన్లు బరువులో కలపండి. జరిమానా పెంచుతూ పోతే గంటలో మార్పులు ఎలా తగ్గుతాయో, సగటు ఆలస్యం ఎంత పెరుగుతుందో గ్రాఫ్ గీసి చూడండి. మీకు సరిపడే చోటు అందులో స్పష్టంగా కనబడుతుంది.

ఎనిమిదో మెట్టు: వాననూ కొబ్బరి చెట్లనూ కలపడం

గట్టి వానలో ఏటవాలు కిరణం వాన మేఘం గుండా ఎక్కువ దూరం ప్రయాణించాలి. దీన్ని నమూనాలో చూపించడానికి సులువైన పద్ధతి క్షితిజం నుంచి కనీస కోణాన్ని పెంచడం. తుఫాను రోజున అమలాపురానికి 25 బదులు 40 డిగ్రీలు పెట్టండి. అందే వలయం 941 నుంచి 574 కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. శాటిలైట్లు 7 నుంచి మూడు లోపుకు పడిపోతాయి. ముంబైలో వాన లేదనుకుని అక్కడ 25నే ఉంచినా, రెండు చోట్లా ఒకేసారి కనిపించేది సగటున ఒక్కటి. సగటు ఒకటి అంటే ఒక్కోసారి ఒక్కటీ ఉండదని అర్థం. తుఫాను రోజున శాటిలైట్ల మధ్య లింకుల అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. అవి ఉంటే మనకు అందే ఆ రెండు మూడింటిలో ఏదైనా పనికొస్తుంది, గేట్‌వే పక్క శాటిలైట్‌కు కనబడితే చాలు.

కొబ్బరి చెట్ల లెక్క తేలికే. డిష్ 3 మీటర్ల ఎత్తున, 15 మీటర్ల చెట్టు 30 మీటర్ల దూరంలో ఉంటే అది 22 డిగ్రీల దాకా అడ్డు వస్తుంది, దానివల్ల ఇబ్బంది లేదు. అదే చెట్టు 15 మీటర్ల దూరంలో ఉంటే 39 డిగ్రీలు. ప్రతి దిక్కుకూ ఇలా అడ్డు కోణం రాసుకుని ప్రోగ్రామ్‌కు ఇవ్వండి. మన అక్షాంశంలో శాటిలైట్లు ఉత్తరాన కాస్త ఎక్కువే గానీ తేడా స్వల్పం, కాబట్టి నాలుగు వైపులా తెరిపి చూడాలి. చెట్లు కొట్టడం కంటే డిష్‌ను డాబా మీద ఇంకో మూలకు మార్చడం మంచిది.

తొమ్మిదో మెట్టు: నిజమైన లింకు మీద

అనుమతి ఉన్న సేవ మీ చేతికి వచ్చాక మూడు పనులు చేయండి. ప్యాకెట్ దాటే మజిలీలను చూపే ట్రేస్‌రూట్‌లో శాటిలైట్లు కనబడతాయని చూడకండి. సాధారణంగా ఆ ప్రయాణమంతా ఒకే హాప్‌గా కనిపిస్తుంది. బదులుగా సెకనుకు చాలాసార్లు పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే చిన్న సందేశం) పంపి, 15 సెకన్లకొకసారి ఆలస్యం మెట్టులా మారుతోందేమో గమనించండి. మీ నమూనా చెప్పినదానితో ఆ మెట్లను పోల్చండి.

రెండోది, ఇలాంటి సేవల్లో ఒకే పబ్లిక్ అడ్రస్ చాలామందికి ఉమ్మడిగా ఉండొచ్చు. అప్పుడు బయటి నుంచి మీ చెరువు దగ్గరి పరికరాన్ని పిలవలేరు. ఆ పరికరమే బయటికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌తో టన్నెల్ తెరిచి ఉంచేలా పెట్టండి. ఫైబర్ నుంచి శాటిలైట్‌కు మారినా టన్నెల్ తిరిగి అందుకుంటుంది.

మూడోది, ఏది ముందు వెళ్ళాలో రౌటర్‌లో వరుస పెట్టండి. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తెల్లవారుజామున పడిపోతుంది. నీటికి గాలి అందించే ఏరేటర్ ఆగిందన్న అలారం కొన్ని బైట్లే, కానీ అది ఆలస్యమైతే పంటే పోతుంది. అలారాలు, తుఫాను హెచ్చరికలు, మాటల కాల్స్ ముందు, సీసీ కెమెరా వీడియో చివర. పెద్ద ఫైళ్ళు పంపే సర్వర్‌లో టీసీపీ వేగాన్ని అదుపు చేసే పద్ధతిని క్యూబిక్ అనేదాని నుంచి బీబీఆర్ అనేదానికి మార్చి చూడండి. దారి మారినప్పుడు పోయే ప్యాకెట్లకు అది అంతగా బెదరదు.

కరెంటు సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. డిష్, రౌటర్ కలిపి 75 వాట్లు తింటాయనుకుంటే పది గంటలకు 750 వాట్ అవర్లు. ఇళ్ళలో ఇన్వర్టర్లకు వాడే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీని సగం వరకు వాడుకుంటే సరిపోతుంది. అక్టోబరు రాకముందే ఒకరోజు కావాలని ఫైబర్ తీగ పీకి, మెయిన్ కూడా ఆపి, అలారం ఎన్ని సెకన్లలో ఫోనుకు చేరుతోందో చూసి రాసి పెట్టుకోండి.